తువ్వాలు కింది పేజీ

నేను ఒక రెండో తెరను. ఒక తెర చాలదనుకున్న కంప్యూటరుకి పక్కన తోడుగా పెట్టేది నన్నే. మొదటి తెర పోతే షాపు మూతపడుతుంది. నేను పోతే ఒక గుడ్డ కప్పుతారు. నా విషయంలో సరిగ్గా అదే జరిగింది.

ఏ ఊళ్లో పుట్టానో నాకు గుర్తు లేదు. హైదరాబాదులో ఒక ఆఫీసులో ఏడేళ్లు బస్సుల రాకపోకలు చూపించాను. ఆఫీసు ఎత్తేశారు. వేలంలో పది తెరల్ని ఒకే తాడుతో కట్టి అమ్మారు. అలా పాలకొల్లులో కాలవ గట్టు మీదున్న వరహాలమ్మ డీటీపీ షాపుకి చేరాను. మనుషులు పుట్టినరోజు కార్డుకీ పెద్దకర్మ కార్డుకీ ఒకే పూలబార్డరు ఎంచుకుంటారని అక్కడే తెలిసింది.

వరహాలమ్మ నన్ను కొన్నది తాతాజీ మాస్టారి కోసం. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన తండ్రి ఆ కాలవలోనే ధాన్యం పడవ నడిపిన సరంగు, వేలిముద్ర మనిషి. పడవవాళ్ల మాటలన్నీ పోగుచేసి మాస్టారు పుస్తకం రాస్తున్నారు. ఆయనకి ఎడమ కన్ను అప్పటికే పోయింది, కుడి కన్ను మసక. అందుకని నన్ను ఆయన కుర్చీకి ఎదురుగా పెట్టారు. ఆయన చెబుతుంటే వరహాలమ్మ టైపు చేసేది. తర్వాత ఫైలుని నా మీదికి లాగి అక్షరాల్ని వేలెడంత పెంచేది.

"సరంగుకి సున్నా పెట్టావా అమ్మాయ్?"

"పెట్టానండి. మీ నాన్నగారికి సున్నా చుట్టానని ఊరంతా చెప్పకండి మళ్లీ!"

ఆ రాత ప్రోగ్రాముకి ఒక గుణం ఉంది. ఫైలుని చివరిసారి ఏ తెర మీద మూశారో మళ్లీ ఆ తెర మీదే తెరుస్తుంది. మాస్టారి పుస్తకానికి తప్ప వరహాలమ్మ దాన్ని ఇంకెందుకూ వాడేది కాదు.

వానాకాలం మొదట్లో ఒక పిడుగు పడి నా లోపలి దీపం ఆరిపోయింది. మెకానిక్ బుల్లెబ్బాయి వచ్చి చూశాడు.

"దీని పని అయిపోయిందక్కా. కరెంటు వైరు మాత్రం బంగారంలా ఉంది" అని దాన్ని పీకి ప్రింటరుకి తగిలించాడు.

బొమ్మని మోసుకొచ్చే కేబుల్ మాత్రం బల్ల కింద వైర్ల చిక్కులో ఉండిపోయింది. "అది కదిపితే ఇంకోటి ఊడుద్దక్కా. రేపొచ్చి తీస్తాలే" అన్నాడు.

ఆ రేపు రాలేదు. వరహాలమ్మ నా మీద పాత తువ్వాలు కప్పింది. నేను పోయానని మనుషులందరికీ తెలుసు. కంప్యూటరుకే ఎవరూ చెప్పలేదు. కేబుల్ ఉన్నంతకాలం దాని దృష్టిలో నేను బతికే ఉన్నాను.

పది రోజుల తర్వాత మాస్టారు చేతిలో సంచీతో వచ్చారు.

"ఒంటిగంట బస్సుకి భీమవరం వెళ్తున్నానమ్మా. రేపే కంటి ఆపరేషను. చూపు నిలుస్తుందని డాక్టరుగారు మాటివ్వలేదు. ఆ చివరి అధ్యాయం ఒక్కసారి చూపించు. మా నాన్న మాటలు అచ్చక్షరాల్లో ఎలా ఉంటాయో ఈ కంటితో చూసుకుని వెళ్తాను."

వరహాలమ్మ ఫైలు నొక్కింది. మొదటి తెర మీద ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది, కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టింది. తెర అడుగు పట్టీలో ఫైలు పేరు వెలుగుతోంది గాని పేజీ మాత్రం లేదు.

పేజీ నా దగ్గరుంది. తువ్వాలు కింద, చీకట్లో, మాస్టారి ముక్కుకి మూరెడు దూరంలో ఉంది.

బుల్లెబ్బాయి పరుగున వచ్చాడు. పట్టీ మీద బాణం పెట్టగానే గోరంత బొమ్మ లేచింది. మాస్టారు భూతద్దం పెట్టి వంగారు.

"ఇదిగో ఉందిరా! పేరాలు కూడా తెలుస్తున్నాయి."

"అది ఉత్త నీడండి. ఫైలు చెడిపోయింది. ప్రింటు గట్రా కొట్టకక్కా, ఉన్నది కూడా పోద్ది."

వరహాలమ్మ ఫైలుని పెన్‌డ్రైవులో వేసుకుని పక్క షాపుకి పరిగెత్తింది. అక్కడ ఫైలు తెరుచుకుంది గాని ఈ తెలుగు ఫాంటు లేదు. సరంగు మాటలన్నీ కొక్కేలూ చుక్కలూ అయిపోయాయి. పోనీ మళ్లీ చెప్పండి, కొడతానంది.

"ఆ రోజేదో గడగడా వచ్చేసిందమ్మా. ఇప్పుడు అడిగితే రాదు" అన్నారు మాస్టారు. గడియారం చూసుకుని లేచారు. లేస్తూ ఆసరాకి చెయ్యి ఆనించింది నా మీదే.

నాకు గొంతు లేదు. ఉన్న ఒక్క భాష వెలుగు, అదీ ఆరిపోయింది.

ఆయన నెలకి తిరిగొచ్చారు. భార్య చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించింది. నల్ల కళ్లద్దాలు. కుర్చీ కోసం ఆయన గాల్లో తడుముతుంటే వరహాలమ్మ పట్టి కూర్చోబెట్టింది.

అదే పూట బుల్లెబ్బాయి నన్ను పట్టుకుపోవడానికి వచ్చాడు. బల్ల కింద దూరి కేబుల్ లాగాడు. లాగీ లాగగానే నా మీదున్న పేజీ మొదటి తెర మీదికి గెంతింది. వేలెడంత అక్షరాలు. చివరి అధ్యాయం.

బుల్లెబ్బాయి కేబుల్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

"మాస్టారూ," అంది వరహాలమ్మ, "పేజీ వచ్చిందండి."

"ఎక్కడుందమ్మా ఇన్నాళ్లూ?"

అబద్ధం చెప్పేస్తుందనుకున్నాను. చెప్పలేదు.

"మీ ఎదురుగానేనండి. పాడైన తెర మీద. గుడ్డ తీసినా కనపడేది కాదు. వైరు పీకి ఉంటే చాలును."

ఆయన చెయ్యి చాపారు. వరహాలమ్మ ఆ చూపుడువేలు పట్టుకుని మొదటి తెర మీద, మొదటి వరుస మీద పెట్టింది.

"లాకు తలుపెత్తండోయ్, సరుకు తడుస్తోంది" అని, కాలవ లాకు దగ్గర సరంగు వేసిన కేక చదివింది.

"ఇది తలుపా?"

"కాదండి, లాకు. తలుపు ఇంకాస్త ఇటు."

బుల్లెబ్బాయి నన్ను చంకన పెట్టుకుని, వెళ్లలేక గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆవిడ చదువుతోంది. మాస్టారి వేలు గాజు మీద కదులుతోంది. రెండో వరుసకే అది దారి తప్పి, అక్షరాలు లేని తెల్లటి అంచులోకి పోయింది. వరహాలమ్మ చూసింది. సరిచెయ్యలేదు. ఆ వేలు ఆగకుండా, ఆ వేగానికే చదువుతూ పోయింది.