పదో సంతకం

నాకు అన్నిటికంటే భయం ఒకటే. ఈ మిద్దె మీద నేనూ పాపా మాత్రమే ఉన్నప్పుడు దానికి మళ్లీ జ్వరంలో ఫిట్స్ వస్తే, నా కేక ఎవరికీ వినబడదేమోనని.

ఈ బుధవారం తెల్లవారేసరికే పాప ఒళ్లు కాలిపోతోంది. దాన్ని భుజాన వేసుకొని, రెండో చేత్తో పాత పేపర్ల కట్ట పట్టుకొని మెట్లు దిగాను. గుడియాత్తంలో మా వీధికి మున్సిపాలిటీ బండి ఆరున్నరకు వస్తుంది. కొత్త నిబంధన ప్రకారం పేపర్లను తాడుతో కట్టి, తడి తగలకుండా, బుధవారం మాత్రమే, కింద గేటు దగ్గర, బ్యాడ్జి ఉన్నవాళ్ల చేతికే ఇవ్వాలి. వేరేవాళ్లకు వేస్తే ఇన్నూరు రూపాయలు జరిమానా.

సూపర్‌వైజరు లోగనాథన్ కట్ట విప్పి ఒక పేపరు పైకెత్తి పట్టుకున్నాడు. నడిమధ్యన పెద్ద కంత. అందులోంచి అతని మీసం కనబడింది.

"ఏందమ్మా ఇది, పేపరా, కిటికీనా?" అన్నాడు.

మా ఇళ్లలో పేపరులో దేవుడి బొమ్మ వస్తే కత్తిరించి తీశాకే అమ్ముతాం, కాళ్ల కింద పడకూడదని. అమ్మవారి పండగల ఆడి నెల కదా, రోజూ అమ్మవార్ల బొమ్మలే. ఆ మాట చెప్పాను. కోసింది, చింపింది ఎత్తుకోకూడదని రూలు ఉండాదని, చెత్తకుప్పలో వేసేయమని అన్నాడు. వీధి పొడుగునా గేట్ల ముందు ఇలా వద్దని వదిలేసిన కట్టలే.

పాత పేపర్లు కొనే కాళియమ్మ అయితే ఎత్తుకొనేది. అరవై దాటిన మనిషి. పద్దెనిమిదేళ్లుగా ఈ వీధి పేపర్లు ఆమెవే. మంచి పేపరు కిలో పన్నెండు అయితే, కోసినదానికి పది ఇచ్చేది, అంతే. అందరి ఇళ్లలో గేటు దగ్గరే తూకం వేసేది. మా ఇంటికి మాత్రం మెట్లెక్కి వచ్చేది, చంటిబిడ్డతో నేను దిగలేనని. గడప దగ్గర కూర్చుని మజ్జిగ తాగి, పాప ఎన్నిసార్లు పాలు తాగిందో అడిగి పోయేది. నా భర్త బాలాజీ తెల్లవారుజామున ఐదుకే బజారులో అంగడి తెరవడానికి పోతే రాత్రికే రావడం. మా అమ్మవాళ్లు మేల్పాడిలో సేద్యం వదిలి రాలేరు. కొన్ని వారాలు ఆ మెట్ల మీద నేను విన్న అడుగులు ఆమెవి మాత్రమే.

చిత్తిరై నెల ఎండల్లో పాపకు మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు నేను గోడకు ఆనుకొని బిగుసుకుపోయాను. అప్పుడే పైకి వచ్చిన కాళియమ్మ బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, మూతి తుడిచి, చంకనెత్తుకొని ఆటో దాకా పరుగెత్తింది. మెట్ల మీద వదిలిన ఆమె మూటను ఎవరో ఎత్తుకుపోయారు. నేను అడిగేదాకా ఆ సంగతి చెప్పలేదు.

పోయిన బుధవారం ఆమె వచ్చింది పేపర్లకు కాదు. ప్లాస్టిక్ కవర్లోంచి ఒక కాగితం తీసింది. ఇన్నాళ్లూ పేపర్లు కొన్నవాళ్లకు కూడా మున్సిపాలిటీలో బ్యాడ్జి ఇస్తారంట, ఈమె మా పేపర్లు తీసుకుంటోంది అని పది ఇండ్లవాళ్లు సంతకం పెడితే. శుక్రవారం ఆఖరు.

"తొమ్మిది అయినాయి తల్లీ. నీదొకటి పడితే సాలు."

నేను తొమ్మిదో తరగతితో బడి మానినదాన్ని. ఏ కాగితం చూసినా చెయ్యి వెనక్కే పోతుంది. బాలాజీకి ఫోను చేశాను. పాప చంకలో ఉందని స్పీకరు పెట్టాను.

"యాడిదో ఏమో తెలియని మనిషికి సంతకమా? రేపు ఎవురింట్లోనన్నా ఏదన్నా పోతే పోలీసులు నిన్ను కదా అడిగేది" అన్నాడు.

ఆమె విన్నది. రేపు రమ్మని చెప్పాను, ఆయన్ను ఒప్పిస్తానని. కాగితాన్ని పాత మడతల్లోనే మడిచింది.

"అట్లేలే తల్లీ. బిడ్డకు కాళ్లు కప్పు, గాలి కొడతా ఉండాది" అని దిగిపోయింది. మజ్జిగ అలాగే ఉండిపోయింది.

గురువారం రాలేదు. శుక్రవారమూ రాలేదు.

అందుకే ఈరోజు కాళియమ్మ సంగతి లోగనాథన్‌ను అడిగాను. లిస్టులో ఆమె పేరు లేదన్నాడు. తొమ్మిది సంతకాలకే బ్యాడ్జి ఇస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు. తరవాత గొంతు తగ్గించాడు.

"మొన్న ఏటి గట్టు కాడ చూసినానమ్మా. వంతెన కాడ ఎడంపక్క మూడో గుడిసెలో, నీలం పట్టా కింద పండుకోనుండాది. పిలిస్తే లెయ్యలా. సరే, ఆ కట్ట కుప్పలో ఏసెయ్, బండి పోవాల."

"వెయ్యను" అన్నాను.

ఎవరినీ అడగకుండా బయటి మనిషితో నేనన్న మొదటి ఎదురుమాట అది. అతను నా వైపు చూసి బండి కదిలించాడు. కట్టతో పైకి వచ్చి, తెల్లకాగితం మీద రాశాను: కాళియమ్మ నాకు తెలుసు, నా బిడ్డను మోసిన మనిషి, మా పేపర్లు ఆమెకే ఇస్తాం. కింద సంతకం పెట్టాను. గడువు దాటింది, ఆఫీసులో తీసుకుంటారో లేదో తెలియదు. పాప జ్వరం దిగలేదు, నేను గడప దాటలేను.

ఇది చదివే మీలో ఎవరైనా కె.వి.కుప్పం బస్సుకు పోతుంటే ఏటి వంతెన దగ్గర ఒకసారి ఆగండి. గట్టు మీద ఎడమవైపు మూడో గుడిసె, నీలం పట్టా కప్పినది. పేరు పెట్టి పిలవండి. పలకలేదని వెనక్కి తిరగవద్దు. తడిక తోసి లోపలికి వెళ్లి చూడండి.