తప్పులత్త కొలువు

రెండు వందల పదకొండో వాక్యం దగ్గర తప్పులత్త గొంతు సవరించుకుంది. బీరువా అంత గాజుగది. మాట బయటికి పోకుండా గోడలనిండా నల్లటి స్పాంజి దిండ్లు. చెవులమీద బరువైన హెడ్‌ఫోన్లు. అవి ఒరుసుకోకుండా కింద కాస్త దూది. చెవిలో ఒకమ్మాయి ఆ ఊరి భాషలో చక్కగా ఒక వాక్యం చెబుతుంది. ఎర్రదీపం వెలిగాక తప్పులత్త దాన్ని తిరిగి చెప్పాలి, తనకు వచ్చినట్టు. అంటే రానట్టు.

అవును మరి, ఆమెకు జీతమిచ్చేది తప్పులకే. భాష నేర్పే యంత్రం ఒకటి అక్కడ తయారవుతోంది. నేర్చుకునేవాళ్ళు ఎక్కడెక్కడ తడబడతారో దానికి తెలియాలంటే, తడబడే మనిషి ఒకరు రోజంతా దాని ముందు కూర్చోవాలి. సరిగ్గా మాట్లాడేవాళ్ళు వీధికి వందమంది. ఇంత కమ్మగా తప్పు మాట్లాడే మనిషి ఎక్కడ దొరుకుతుంది? ఆ ఆఫీసులోనే ఈమె నేల తుడుస్తూ, బకెట్టు కోసం ఎవరినో ఏదో అడిగి నవ్వులపాలైన రోజున సూపర్‌వైజరమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఆమెదీ ఈమెదీ ఒకే భాష. "పిన్నిగారూ, ఇంకోసారి అనండి" అని నాలుగుసార్లు అనిపించుకుంది. మర్నాటినుంచి చీపురు పోయి కుర్చీ వచ్చింది. ఆఫీసు పిల్లలు తప్పులత్త అని పేరు పెట్టారు.

యాభై ఎనిమిదేళ్ళ బతుకులో ఆమె నోటికి విలువ ఇచ్చింది వాళ్ళొక్కరే. చదివింది రెండో తరగతి, అదీ సగం. మొగుడు బతికున్నన్నాళ్ళూ నలుగురిలో నోరెత్తనివ్వలేదు. ఆయన పోయాక కూతురింటికి ఈ ఊరొస్తే, వంటింటి గడప పక్కన చాప పరిచారు. అల్లుడు ఆమెను పిలిచిన పాపాన పోలేదు, కావలసినప్పుడు గ్లాసు బల్లకేసి టకటక కొట్టేవాడు. ఈ కుర్చీ వచ్చాకే కిటికీ పక్కన మంచమూ, "అత్తయ్యగారూ" అన్న పిలుపూ వచ్చాయి.

ఆ మంచం నిలవాలంటే నాలుక వంకరగానే ఉండాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. పదకొండు నెలలుగా రోజుకు మూడు వందల మంచి వాక్యాలు చెవిలో పోస్తుంటే, ఏ నాలుకైనా ఎన్నాళ్ళని మొండికేస్తుంది? మొన్న కూరగాయల బండివాడితో బేరమాడి నాలుగడుగులు వేశాక గానీ ఆమెకు తట్టలేదు, వాడు నవ్వలేదని. అప్పటినుంచి స్నానాల గదిలో నీళ్ళు వదిలి, ఆ చప్పుడు చాటున తన పాత తప్పులే తాను వల్లె వేసుకుంటోంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకమ్మాయి ఫోను మోగింది. మోగింది పాట కాదు, తప్పులత్త గొంతు, ఎప్పుడో మంచినీళ్ళు అడిగినప్పటిది. బల్లచుట్టూ విరగబడి నవ్వారు. తప్పులత్త కూడా నవ్వింది. నవ్వుతూనే చెవి ఒగ్గి వింది, అప్పుడు ఎలా అన్నానా అని.

మూడింటికి సూపర్‌వైజరమ్మాయి పిలిచింది. తెరమీద తప్పులత్త చెప్పిన వాక్యాలు వరసగా, అన్నీ పసుపు రంగులో ఉన్నాయి.

"ఇదేం రంగు తల్లీ?"

"యంత్రం వేసింది పిన్నిగారూ. ఎరుపైతే తప్పు, ఆకుపచ్చైతే ఒప్పు. పసుపైతే దొంగతప్పు. వచ్చి కూడా రానట్టు నటించడమన్నమాట."

"నా మొహానికి నటనొకటా! నాకు నిజంగానే రాదమ్మా, ఒట్టు."

అమ్మాయి ఆ ఊరి భాషలో గబగబా ఏదో అడిగింది. తప్పులత్త అంతే గబగబా జవాబు చెప్పేసింది. చెప్పాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కబల్లల వాళ్ళు చప్పట్లు కొట్టారు.

"ఒక్క నెల ఓపిక పట్టమ్మా. మరిచిపోతాను. ఎవరితోనూ మాట్లాడను, చెవుల్లో దూది కుక్కుకుని తిరుగుతాను."

"ఎందుకు పిన్నిగారూ అంత శ్రమ? మీ తప్పులన్నీ మా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ గొంతుతో కొత్త తప్పులు కూడా ఈ యంత్రమే చేసేస్తోంది. వినండి."

వినిపించింది. తప్పులత్త ఎన్నడూ అనని మాట, అచ్చం ఆమె అన్నట్టే ఉంది. ఆమెకంటే బాగుంది కూడా.

"పోనీ, ఆ చీపురైనా..."

"దానికి మనిషి వచ్చేసిందిగా."

తర్వాత బంగారు అంచు ఉన్న దళసరి కాగితం ఒకటి చేతిలో పెట్టారు. ఈవిడకు ఈ భాష చక్కగా వచ్చునని అందులో రాసి ఉందట. "నవ్వండి పిన్నిగారూ, ఫోటో" అన్నారు. నవ్వింది.

గేటు దగ్గర కాపలావాడు, ఆమె తప్పు వినడానికని రోజూ అడిగే ప్రశ్నే అడిగాడు. "అత్తా, టైమెంత?"

"నాలుగున్నర బాబూ. రేపట్నుంచి ఇంకెవర్నైనా అడుగు" అని వాడి భాషలోనే, అక్షరం తొణక్కుండా చెప్పింది. వాడు అలవాటుకొద్దీ పగలబడి నవ్వాడు.

బస్టాపులో కూర్చున్నాక కూతురు ఫోన్ చేసింది. "అమ్మా, ఎక్కడున్నావ్? ఆయనొచ్చే వేళయింది."

"వస్తున్నానమ్మా."

ఇంటివైపు బస్సు వచ్చింది, వెళ్ళింది. ఇంకోటి వచ్చింది, అదీ వెళ్ళింది. చినుకులు మొదలయ్యాక తప్పులత్త లేచి రోడ్డు దాటి, అవతలివైపు వెళ్ళే బస్సెక్కింది. ఎక్కడికని కండక్టరు అడిగితే, ఆఖరి స్టాపుకని ఎక్కడా తడబడకుండా చెప్పింది.

ఇవతల బస్టాపులోకి గొడుగుతో వచ్చిన పెద్దమనిషి బల్ల తడిగా ఉందని చూసి, అక్కడే పడి ఉన్న దళసరి కాగితాన్ని బోర్లా పరిచి, దానిమీద కూర్చున్నాడు. ఆయన తన బస్సెక్కి వెళ్ళిపోయాక ఆ కాగితం బంగారు అంచు ఒకవైపు లేచి, కాసేపు గాలికి ఆడి, తడికి బల్లకు అతుక్కుపోయింది.