స్పిరిట్ తగిలిన ప్లేటు

గుడ్డ నల్లబడింది.

సూదిబాబు మొదట దాన్ని పట్టించుకోలేదు. పాత రికార్డు తుడిస్తే గుడ్డకు మురికి అంటడం మామూలే. పైగా అతని చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరుక్కుని ఉంది, నోరేమో గొప్పలు పోవడంలో తీరిక లేకుండా ఉంది. అవతలివాడు కూడా ఇతనిలాగే పాత ఫంక్, సోల్ పాటల గ్రామఫోను ప్లేట్ల కోసం పడి చచ్చే మనిషి. అలాంటివాడితో "నీకు దొరకనిది నాకు దొరికిందిరా" అని చెప్పుకోవడంలో ఉన్న సుఖం సూదిబాబుకు ఇంకెందులోనూ లేదు. ఆ సుఖంలో ఉండగా చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. సీసాలోని స్పిరిట్ కలిపిన నీళ్ళు చల్లడం, గుండ్రంగా తుడవడం, పక్కన పెట్టి ఇంకోటి అందుకోవడం.

మూడో ప్లేటు దగ్గర బొటనవేలికి చిన్న గుంట తగిలింది. నడిమి రంధ్రం పక్కనే, అంటించిన కాగితం కింద, ఇంకో రంధ్రం.

మామూలు రికార్డుకు ఒకటే రంధ్రం ఉంటుంది. రెండోది ఉందంటే అది స్టూడియోలో యంత్రం మీద బిగించి, అప్పటికప్పుడు పాటను చెక్కిన నమూనా ప్లేటు. లోపల అల్యూమినియం రేకు, పైన నల్లటి పూత. పాటంతా ఆ పూతలోనే ఉంటుంది. దానికి స్పిరిట్ తగలకూడదని ఈ పనిలోకి వచ్చిన మొదటి వారంలోనే ఎవడైనా నేర్చుకుంటాడు. సూదిబాబు ఇతరులకు నేర్పాడు కూడా.

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోను జారి బల్ల మీద పడింది. అవతలివాడు ఇంకా "ఏ పాటరా, ఎవరు పాడింది?" అని అరుస్తూనే ఉన్నాడు.

"ఏమైందిరా?" అంది అక్క, అట్టలకు జిగురు రాస్తున్నదల్లా తలెత్తి. చెప్పుల దుకాణం మీది ఆ ఒంటిగదిలో పాత ప్లేట్లు బాగుచేసి, వాటి పాటలను యంత్రంలోకి ఎక్కించే పని అక్కాతమ్ముళ్ళిద్దరిదే. చిరిగిన అట్టలు అతికించడం ఆవిడ వంతు, ప్లేట్లకు స్నానం చేయించి సూది కింద పెట్టడం ఇతని వంతు. స్నానం కానిదే ఏ ప్లేటూ సూది కిందికి వెళ్ళకూడదన్న చట్టం ఇతను చేసిందే.

"అక్కా, లాండ్రీ ఆవిడ ప్లేటు..." అన్నాడు.

అక్క లేచి వచ్చి చూసింది. అద్దంలా మెరవాల్సిన ప్లేటు మీద పాలు ఒలికినట్టు తెల్లటి చార. ఆ చార అంచున సన్నగా పగుళ్ళు మొదలయ్యాయి.

"దాన్ని విడిగా పెట్టమన్నానుగా!"

"పెట్టాననే అనుకున్నా."

ఆ లాండ్రీ ఆవిడ ఒకప్పుడు హోటళ్ళలో వాయించే బ్యాండులో గాయని. బెల్‌బాటం ప్యాంట్ల కాలంలో ఆ బ్యాండు నుంచి ఒకే ఒక్క రికార్డు వచ్చింది. రెండో పాట కూడా పాడించారు గానీ, అచ్చు వేసేలోపే కంపెనీ మూతపడింది. మిగిలింది ఈ నమూనా ప్లేటు ఒక్కటే. సూదిబాబు ఏళ్ళ తరబడి చెప్పులరిగేలా తిరిగి ఆవిడను పట్టుకునేసరికి, ఆవిడ గొంతుకు ఆపరేషన్ అయిపోయి ఉంది. ఇప్పుడు మాట్లాడితే గాలే గానీ స్వరం రాదు. ప్లేటును దిండు గలీబులో చుట్టి, ఇస్త్రీ దుప్పట్ల కింద దాచుకుంది. వేసినకొద్దీ అరిగిపోతుందని స్టూడియోలో ఎవరో చెప్పారట, అందుకని ఒక్కసారి కూడా వేయలేదు.

"నేను వచ్చేదాకా వెయ్యొద్దు బాబూ," అంది పొద్దున ఇచ్చేటప్పుడు. "సాయంత్రం కొట్టు కట్టేసి మనవరాలిని తీసుకొస్తా. అది నా పాట ఎప్పుడూ వినలేదు."

సూదిబాబు వేసేది లేదని మాటిచ్చాడు. కడగనని మాత్రం ఇవ్వలేదు, ఆ అవసరం వస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

"ఎంతసేపు ఆగుతుంది?" అంది అక్క.

"ఆరేకొద్దీ పూత ముడుచుకుపోతుంది. ముడుచుకుంటే ఊడిపోతుంది. సాయంత్రానికి రేకు తప్ప ఏమీ మిగలదు." స్టూలు మీద కూలబడ్డాడు. ఇప్పుడు వేస్తే మాట తప్పినట్టు. వేయకపోతే పాట పోయినట్టు. వేసినా, మెత్తబడిన పూత సూదికి ఎంతవరకు ఓర్చుకుంటుందో తెలియదు. అతనికి చిన్నప్పుడు చీకటన్నా, పెద్దయ్యాక వైద్యులన్నా భయమే గానీ, ఇంత భయం ఎప్పుడూ పడలేదు.

"అక్కా, పాత ప్లేట్లకు పూత దానంతటదే ఊడుతుంది కదా. తీసి చూసేసరికే ఇలా ఉందని చెప్తే..."

అక్క అతని వంక చూసింది. "చెప్పు. తనే సరిగ్గా దాచలేదనుకుని ఏడుస్తుంది ఆ మనిషి. పక్కన కూర్చుని ఓదారుద్దువుగాని."

ప్లేటు మీద చిటుక్కున చప్పుడైంది. ఒక పగులు గాడికి అడ్డంగా పాకింది. సూదిబాబు బల్ల మీది ఫోను తీసి, అవతలివాణ్ణి కట్ చేసి, లాండ్రీకి కలిపాడు. మనవరాలు ఎత్తింది.

"అమ్మా, మీ అమ్మమ్మ దగ్గరున్నారా? నేను... నా వల్ల ఒక తప్పు జరిగింది." దాచకుండా చెప్పాడు, స్పిరిట్ సంగతి, పగుళ్ళ సంగతి. "ఒక్కసారి మాత్రం వేయొచ్చు. అదీ ఇప్పుడే. వేస్తే చివరిదాకా వస్తుందో లేదో తెలీదు."

అవతల ఇస్త్రీ పెట్టె ఆవిరి బుసలు కొడుతోంది. తర్వాత అదీ ఆగిపోయింది. మనవరాలు ఎవరికో చెబుతోంది, మాటలు అందడం లేదు. తిడితే బాగుండును అనుకున్నాడు. తిట్టడానికి ఆవిడకు గొంతు లేదని గుర్తొచ్చి ఇంకా భయమేసింది.

"అంకుల్, మేం బయల్దేరి వచ్చేదాకా ఆగదా?"

"ఆగదమ్మా."

మనవరాలు అటు తిరిగి అడిగింది. "అయితే వేసెయ్యమంటోంది. ఫోను స్పీకరు పక్కన పెట్టాలంట."

అక్క ఫోనును స్పీకరు ముందు ఆనించి, రికార్డింగు యంత్రం మీట నొక్కింది. బజారు మొత్తంలో వణకని చెయ్యి తనదేనని, తనకు ఆ పేరు ఊరికే రాలేదని చెప్పుకునే సూదిబాబు, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని సూది దించాడు.

చిటపటల మధ్యలోంచి డ్రమ్ము వచ్చింది. దాని వెంట బేస్ గిటారు తాపీగా, కొంటెగా అడుగులేస్తూ వచ్చింది. బాకాలు రెండుసార్లు పిలిచాయి. ఆ తర్వాత ఒక ఇరవయ్యేళ్ళ పిల్ల మైకు దగ్గర నవ్వాపుకోలేక ఫక్కుమని, ఆ నవ్వులోంచే పాట అందుకుంది. ఎంత గొంతు అది! గదిలో అట్టలన్నీ అదిరాయి. సూదిబాబుకు ఆనందించే ధైర్యం లేదు. అతని కళ్ళు సూది వెనకే ఉన్నాయి. అది నడిచిన చోటల్లా పూత పెన్సిలు చెక్కుల్లా చుట్టలు చుట్టుకుని లేస్తోంది. పాట ముందుకు వెళ్తుంటే వెనక తెల్లటి రేకు బయటపడుతోంది.

మొదటి చరణం దాటింది. పల్లవి మళ్ళీ వచ్చింది. రెండో చరణం ఎత్తుకుంటుండగా సూది కింద పెద్ద పెచ్చు లేచింది. సూది జారి రేకు మీద కీచుమంది. అతను చప్పున ఎత్తేశాడు. ఎత్తిన చోటు నుంచి లోపలివైపు మిగిలిన పూత కూడా ఊడి, గాజుపెంకుల్లా కింద రాలింది.

సూదిబాబు ఫోను ముందు వంగాడు. చెమట పట్టిన చేతులు జోడించాడు, అవతలివాళ్ళకు కనిపించదని తెలిసీ.

"అయిపోయిందమ్మా. సగమే వచ్చింది. మిగతాది నేను..."

"ష్! మీరు మాట్లాడకండి అంకుల్," అంది మనవరాలు. ఆ పిల్ల ఏడుస్తోంది. "అమ్మమ్మ ఇంకా పాడుతోంది."

సూదిబాబు ఫోనుకు చెవి ఆనించాడు. స్వరం లేదు. అంతా గాలే. రెండో చరణం, సూది జారిన మాట దగ్గర్నుంచే, లయ తప్పకుండా వస్తోంది. బాకాలు పిలవాల్సిన చోట ఆవిడ ఆగుతోంది, వాటికి చోటిచ్చి మళ్ళీ అందుకుంటోంది.

రికార్డింగు యంత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. అక్క చప్పుడు చేయకుండా మైకు తీసుకొచ్చి ఫోను పక్కన పెట్టింది. అది కదలకుండా సూదిబాబు రెండు చేతులతో పట్టుకున్నాడు.