గాలి ఆడని పొయ్యి

మా తమ్ముడు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఎక్కడ చిన్న సందు కనిపించినా మూసేదాకా వాడికి తోచదు. అలాంటివాడికి పొయ్యి చేసే పని అప్పగించడం మా బుద్ధి తక్కువ.

పొయ్యి కావాలన్నది మా మరదలు, అంటే వాడి భార్యే. ఏడాది కిందట వంటింట్లో బట్ట అంటుకుని తన చెయ్యి మోచేతి దాకా కాలింది. పుండు మానింది గాని భయం పోలేదు. అగ్గిపుల్ల గీసిన చప్పుడైతే చాలు, పక్కగదిలోకి వెళ్ళిపోయేది. వంట నేనో తమ్ముడో చేసేవాళ్ళం. అలాంటి పిల్ల ఒకరోజు అన్నం తింటూ తింటూ, "ఆదివారం ఏటి ఒడ్డుకి వెళ్దాం వదినా. అక్కడ నిప్పు నేనే ముట్టిస్తాను. ఈ గోడల మధ్య నావల్ల కాదు" అంది. సంతోషంతో తన కంచంలో ఇంకాస్త కూర వడ్డించాను.

తమ్ముడు దుకాణాల్లో దొరికే బుల్లి గ్యాస్ పొయ్యిలన్నీ చూసొచ్చాడు. ఒకటి ఊగుతుందట, ఇంకోదాని మంట ఎగదన్నుతుందట. చివరికి తనే చేస్తానని కూర్చున్నాడు. పాలపొడి డబ్బా ఒకటి, అది పట్టే పెద్ద డబ్బా ఇంకొకటి. లోపల పుల్లలు, పైన గిన్నె, కింద గాలికి చిల్లులు. బాగానే కుదిరింది. మర్నాడు చూద్దును కదా, చిల్లులన్నిటికీ రేకు ముక్కలు బిగించి ఉన్నాయి.

"ఇదేంట్రా?"

"నిప్పురవ్వ బయటికొస్తుందేమో అక్కా."

ఆ తర్వాత చుట్టూ ఇంకో రేకు. గిన్నె పక్కనున్న సందుకి కూడా మూత. "నీ మొహం, ఇది పొయ్యా, ఇనప్పెట్టా?" అని కసిరాను. వాడు నవ్వలేదు. "తనకి మళ్ళీ ఏమన్నా అయితే నేను తట్టుకోలేనక్కా" అన్నాడు.

ఆదివారం ఇసుకలో పొయ్యి పెట్టాం. మరదలు అగ్గిపుల్ల గీసి లోపల వేసింది. తమ్ముడు గబుక్కున మూత బిగించాడు. కాసేపు పొగ వచ్చింది, తర్వాత అదీ లేదు. మళ్ళీ ముట్టించింది, మళ్ళీ ఆరింది. "పోనీలే, ఇంకోసారి చూద్దాం, పద ఇంటికెళ్దాం" అంటూ వాడు అగ్గిపెట్టె తీసుకోబోయాడు. ఆమె మొహం పాలిపోయింది. ఇప్పుడు వెనక్కి వెళితే ఈ పిల్ల ఇక జన్మలో నిప్పు ముట్టదని నాకు అర్థమైపోయింది.

ఆమె అగ్గిపెట్టె ఇవ్వలేదు. వాడి పనిముట్ల సంచిలోంచి పట్టకారు తీసి రేకులన్నీ పీకి ఇసుకలో పారేసింది. "ఏయ్, జాగ్రత్త!" అంటూ తమ్ముడు ముందుకు దూకబోతే చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ఆమె మళ్ళీ ముట్టించి, వంగి కింది చిల్లులోంచి ఊదింది. మంట భగ్గుమంది. ఉలిక్కిపడింది గాని అక్కణ్ణుంచి కదల్లేదు.

"ఏడాదిగా నన్ను కళ్ళలో పెట్టుకుని చూసుకున్నారు, కాదనను" అంది మంటవైపే చూస్తూ. "కానీ ఈమధ్య నేను అగ్గిపెట్టె కోసం చెయ్యి చాపినప్పుడల్లా మీరే ముందు అందుకున్నారు. భయం తగ్గిందా అని మీ ఇద్దరిలో ఒక్కరైనా అడిగారా?"

తమ్ముడు నావైపు చూశాడు. ఇద్దరం లేచి వెళ్ళి దూరంగా కూర్చున్నాం. నీళ్ళు మరిగేదాకా ఆమె ఒక్కతే పుల్లలు వేసుకుంటూ ఉంది.