పళ్లెంలో పెట్టిన కాగితం

సన్మానం మూడు గంటలకన్నారు. మూడూ నలభై అయింది. ముఖ్య అతిథి కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది.

కాంతం టీచరు చేతి గడియారం వంక ఎన్నిసార్లు చూసుకుందో ఆవిడకే తెలీదు. వేదిక మీద చిట్టచివరి కుర్చీ ఆవిడది. డ్రిల్ టీచరుకి వేదిక మీద కుర్చీ వేయడమే ఈ తొమ్మిదేళ్లలో ఇది మొదటిసారి, కనుక చివరిదైనా సంతోషించాలి కాబోలు. మధ్యలో బంతిపూలు చుట్టిన పెద్ద కుర్చీలో పదో తరగతి నాగమణి బిగుసుకుపోయి కూర్చుంది. ఎవరి దగ్గరో అరువు తెచ్చిన పట్టు లంగా, ఓణీ. లంగా మడమలకి జానెడు పైనే ఆగిపోయింది. ఐదడుగుల తొమ్మిదంగుళాల పిల్లకి సరిపోయే పట్టు లంగా సీతమ్మధార మొత్తం వెతికినా ఎవరి పెట్టెలో దొరుకుతుంది? ఆటల బట్టల్లో రావద్దు, పద్ధతిగా రమ్మని స్కూలు కమిటీ వాళ్లు ముందే కబురు పెట్టారు.

పిల్ల సాధించింది చిన్న విషయం కాదు. జిల్లా బాస్కెట్‌బాల్ ఫైనల్లో టీము మొత్తం నలభై నాలుగు పాయింట్లు చేస్తే అందులో ముప్పై ఒకటి దానివే. రాష్ట్ర స్కూలు జట్టు క్యాంపుకి విశాఖపట్నం నుంచి ఎంపికైంది అదొక్కతే. రేపు పొద్దున్న పది గంటలకల్లా హైదరాబాదు స్టేడియంలో హాజరు కావాలి. కాకపోతే వెయిటింగ్‌లో ఉన్న పిల్లని తీసుకుంటామని ఉత్తరంలో నల్లగా అచ్చేసి మరీ పంపారు. అందుకు ఉన్నది ఒకటే దారి, వాల్తేరు స్టేషన్లో సాయంత్రం ఐదుంబావుకి బయల్దేరే హైదరాబాదు బండి.

ఆ సంగతి స్కూలు కార్యదర్శి భీమశంకరరావుగారికి కాంతం మూడుసార్లు చెప్పింది. మొదటిసారి, "గంటలో తేల్చేస్తాం కదమ్మా" అన్నాడు. రెండోసారి, "అచ్యుతరామయ్యగారి వీలు చూసుకోవాలి గదా" అన్నాడు. ముఖ్య అతిథి అచ్యుతరామయ్య ఉక్కు ఫ్యాక్టరీ పనుల్లో కంట్రాక్టరు. స్కూలుకి రెండు కొత్త గదులు కట్టిస్తానని మాటిచ్చి ఉన్నాడు. కాబట్టి ఆయన వీలే ఊరందరి వీలు.

మూడోసారి, ఇవాళ పొద్దున్న, ఆవిడ ఇంకో మాట అడిగింది. "సార్, ఆ అర్హత పత్రం నాకిచ్చేయండి. మీ సంతకం అయిపోయిందంట కదా. మీటింగ్ ఆలస్యమయినా పిల్లని తీసుకెళ్లిపోతాను."

అర్హత పత్రం అంటే ఆటగత్తె ఫోటో అంటించి, పుట్టిన తేదీ రాసి, స్కూలు ముద్ర వేసిన కాగితం. అది చేతిలో లేకపోతే క్యాంపు గేటు కూడా దాటనివ్వరు.

భీమశంకరరావుగారు చిరునవ్వు నవ్వాడు. "అది శాలువాతో పాటు వెండి పళ్లెంలో పెట్టించానమ్మా. ముఖ్య అతిథిగారి చేతుల మీదుగా ఇప్పిస్తాం. ఫోటోగ్రాఫరు వస్తన్నాడు. ఎంత నిండుగా ఉంటాదో చూడండి."

అదీ సంగతి. పిల్ల బతుకు వెళ్లి పళ్లెంలో కూర్చుంది, ఫోటో నిండుగా రావడం కోసం.

కాంతానికి ఒళ్లు మండిపోయింది. ఈ పెద్దమనిషి రెండేళ్ల కిందట బాస్కెట్‌బాల్ ఒకటి కొనమంటే, ఆడపిల్లల స్కూల్లో బంతులెందుకన్నాడు. ఉన్న ఒక్క బంతికి బ్లాడరు పగిలినప్పుడల్లా పాత ఊళ్లో సైకిల్ షాపు నజీర్ దగ్గరికి ఆవిడే తీసుకెళ్లి అతుకు వేయించుకొచ్చింది. జిల్లా పోటీలకి వెళ్లేముందు, పిల్లలు నిక్కర్లతో ఆడితే స్కూలు పరువు పోతుందని కమిటీ చీటీ పంపింది. ఆ చీటీ చించి కిటికీలోంచి పారేసింది కూడా ఆవిడే. ఇప్పుడు చూస్తే గుడ్డ బ్యానరు మీద అరచేతి మందం అక్షరాలు: మా పాఠశాల ముద్దుబిడ్డకు ఘన సన్మానం. కింద కమిటీ సభ్యులు పదకొండుగురి పేర్లు. ముద్దుబిడ్డ పేరు వెతుక్కోవాలి.

గేటు దగ్గర నాగమణి తండ్రి దాలయ్య నిలబడి ఉన్నాడు. పోర్టులో కళాసీ. కూతురితో వెళ్లడానికి సెలవు పెట్టి, ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని, ఇనప ట్రంకు పెట్టె కాళ్ల దగ్గర పెట్టుకుని రెండున్నర నుంచీ అక్కడే ఉన్నాడు. కుర్చీలు ఆహ్వానితులకని వాలంటీరు ఎవరో చెప్పాడట. సన్మానం ఎవరికి జరుగుతోందో ఆ పిల్లని కన్నవాడు ఆహ్వానితుడు కాడు మరి.

ఒకసారి కాంతం వేదిక దిగి అతని దగ్గరికి వెళ్లింది.

"టీచరమ్మా, టయిమెంతయినాదండి?"

"నాలుగవతాది దాలయ్యా."

"బండి ఎల్లిపోద్దేటండి?" అన్నాడు దాలయ్య గొంతు తగ్గించి. "నాను ఆ బాబుగారి కాళ్లట్టుకుంతానండి. కాయితం ఇచ్చీమని సెప్తాను."

"నువ్వెవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. ఒక ఆటో మాట్లాడి ఇక్కడ నిలబెట్టు. కదలనివ్వకు."

నాలుగూ పదికి కారొచ్చింది. అచ్యుతరామయ్యగారు దిగాడు. ఆలస్యమైనందుకు ఆయన ముఖంలో చీమ కుట్టినట్టయినా లేదు. అసలు ఆలస్యం అయిందని ఆయనకి ఎవరు చెప్పాలి? మూడింటి నుంచి షామియానా అవతల చాపల మీద ఎండలో కూర్చున్న నాలుగు వందల మంది పిల్లలు లేచి నిలబడి, కూర్చుని, హెడ్మిస్ట్రెస్ చెయ్యి ఊపినప్పుడల్లా చప్పట్లు కొట్టారు.

అప్పుడు మొదలైంది. ప్రార్థన. దీపం వెలిగించడానికి అగ్గిపెట్టె కోసం వెతుకులాట. గాలికి రెండుసార్లు ఆరిపోయిన దీపం. ఆ తర్వాత వేదిక మీద ఉన్నవాళ్లని ఒక్కొక్కరినీ మళ్లీ వేదిక మీదికి ఆహ్వానించడం. కూర్చున్నవాళ్లు లేచి, దండ వేయించుకుని, అదే కుర్చీలో మళ్లీ కూర్చోవడం. దండలున్న పళ్లెం ఎవరు పట్టుకోవాలన్న మాట వచ్చింది. ఆ పని చేసే పిల్ల ఎటో వెళ్లినట్టుంది. హెడ్మిస్ట్రెస్ అలవాటు కొద్దీ దగ్గర్లో ఉన్న పొడుగుపిల్ల చేతికి పళ్లెం ఇచ్చేసింది. ఆ పొడుగుపిల్ల నాగమణే. తనకి జరిగే సన్మానంలో తనే పళ్లెం పట్టుకుని పదకొండుగురు పెద్దల ముందు వరుసగా నిలబడింది. అందులో తప్పేముందో ఒక్కరికీ తట్టలేదు. కాంతం పళ్లు నూరింది.

కార్యదర్శిగారి స్వాగతోపన్యాసం నాలుగూ ఇరవై ఐదుకి మొదలై నాలుగూ నలభైకి ఆగింది. క్రీడలంటే తనకి చిన్నప్పటి నుంచీ ప్రాణమన్నాడు. ఈ అమ్మాయిలోని ప్రతిభని మొట్టమొదట గుర్తించింది తమ కమిటీయే అన్నాడు. నాగమణి తలొంచుకుని కూర్చుంది. ఎప్పుడూ ఆట ముందర ఆడినట్టు దాని కుడి మోకాలు గబగబా ఆడుతోంది. మెల్లగా వెనక్కి వంగి, పెద్దల వీపుల వెనక నుంచి కాంతం వైపు తిరిగింది.

"టీచరుగారూ, టయిమెంతండి?"

కాంతం గడియారం చూసుకుంది. ఇంకో ఐదు నిమిషాల్లో బయటపడకపోతే బండి అందదు. ఆవిడకి నిజంగా భయమేసింది. తనది తాత్కాలిక ఉద్యోగం. ఏటేటా జూన్‌లో భీమశంకరరావుగారు సంతకం పెడితేనే మళ్లీ ఏడాది నడిచేది. ఇంట్లో ఇద్దరు పిల్లలు. నోరు మూసుకుని కూర్చుంటే పిల్లకి శాలువా వస్తుంది, తనకి జూన్‌లో సంతకమూ వస్తుంది. పిల్లకి క్యాంపు పోతుంది. పోతే ఇంకేముంది, వచ్చే ఏడు పదో తరగతి దాటాక దాన్ని ఏ స్కూలు జట్టులోనూ ఆడనివ్వరు. ఇంత ఆట నేర్పి తానే దాని కాళ్లు విరగ్గొట్టినట్టవుతుంది.

అప్పుడు తెలుగు పండితులు శ్రీరామ్మూర్తిగారు సన్మాన పత్రం చదవడానికి లేచారు. చుట్టూ పూలతీగల బొమ్మతో ఐదు పేజీలు అచ్చువేయించారు. మొదటి పేజీ అంతా ఊరి వర్ణన. రెండో పేజీలో పద్యాలు. అందులో నాగమణి తీగలాంటి మేను గలదీ, లేడి కళ్లదీ, అడుగు తీసి అడుగు వేస్తే కందిపోయే పాదాలు గలదీ అయింది. ఆ పాదాలు వేసవిలో మట్టి కోర్టులో బూట్లు లేకుండా పరిగెత్తిన పాదాలు. ఆ మోకాళ్ల మీద మానిన దెబ్బలు లెక్కపెడితే ఆయన పద్యాల కంటే ఎక్కువుంటాయి. పాపం ఆయన మంచివాడే, పద్యం పద్యానికీ రాగం తీసి, ముఖ్య అతిథి వైపు చూసి, ఆ అతిథి తల ఊపితే గానీ తర్వాతి పద్యం ఎత్తుకోవడం లేదు. పిల్ల ఎప్పుడైనా బంతి వేస్తుండగా ఆగి చూశాడా అంటే, లేదు.

మూడో పేజీ తిప్పారు. నాలుగూ నలభై ఆరు.

కాంతం లేచింది. లేచి, వేదిక మధ్యకి నడిచింది. శ్రీరామ్మూర్తిగారు ఆవిడ మంచినీళ్ల కోసం వస్తోందనుకుని పక్కకి జరిగారు. బల్ల మీద వెండి పళ్లెంలో జరీ శాలువా మడత, దాని కింద కాగితం. శాలువా ఎత్తి పక్కన పెట్టి కాగితం తీసుకుంది. ఫోటో, ముద్ర, సంతకం అన్నీ సరిగా ఉన్నాయో లేవో నిలబడి చూసుకుంది.

"ఏటమ్మా ఇది?" అన్నాడు భీమశంకరరావు పళ్ల బిగువున. "కూర్చోండి. అందరూ చూస్తన్నారు."

"చూడనివ్వండి సార్. మూడుసార్లు చెప్పాను."

"ముఖ్య అతిథిగారు ఇంకా మాట్లాడలేదు. శాలువా కప్పలేదు. సన్మానం మధ్యలో లేచెళ్లిపోతే ఎంత అవమానం?"

"సన్మానం కోసం క్యాంపు మానేస్తే, ఇంకెందుకండి సన్మానం?" అంది కాంతం. మైకు దగ్గరే ఉందేమో, ఆ మాట షామియానా చివరిదాకా వినపడింది. "నాగమణీ, లే."

నాగమణి లేచింది. ఒక్క క్షణం కార్యదర్శి వైపు, ఒక్క క్షణం టీచరు వైపు చూసింది. తర్వాత పట్టు లంగా రెండు చేతులతో మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని, వేదిక మెట్లు వదిలేసి, అంచు మీంచే కిందికి దూకింది.

ఆటోలో ముగ్గురూ, ట్రంకు పెట్టే ఇరుక్కుని కూర్చున్నారు. దారి పొడుగునా దాలయ్య, "ఎల్లిపోద్దేటండి, ఎల్లిపోద్దేటండి" అంటూనే ఉన్నాడు. స్టేషన్ మెట్లు ఎక్కేసరికి గార్డు పచ్చజెండా విప్పుతున్నాడు. నాగమణి ముందు పరిగెత్తి రైలుపెట్టె తలుపు పట్టుకుని ఎక్కేసింది, తండ్రి ట్రంకు విసిరి తను ఎక్కాడు. కాంతం కాగితాన్ని కిటికీ ఊచల్లోంచి అందించింది.

"టీచరుగారూ, మిమ్మల్ని ఏటంతారో అండి" అంది పిల్ల. కళ్లనిండా నీళ్లు.

"ఆ ఏడుపు మాని నా మాట విను. కుడిచేతి వైపే పోతావు నువ్వు. అక్కడి వాళ్లు ఒక్కరోజులో పట్టేస్తారు. ఎడం చెయ్యి వాడు."

బండి కదిలింది.

చేతిసంచీ స్కూల్లోనే వదిలేసి రావడంతో కాంతం మళ్లీ వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. ఈపాటికి షామియానా విప్పేసి ఉంటారనుకుంది. గేటు దగ్గరికి వచ్చేసరికి మైకులో అచ్యుతరామయ్యగారి గొంతు. మీటింగ్ నడుస్తూనే ఉంది. పూలకుర్చీలో ఎవరో పొడుగుపిల్ల శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే తొమ్మిదో తరగతి తాయారు. లెక్కల్లో ఫస్టు వచ్చే పిల్ల, ఆటల పీరియడ్లో ఎప్పుడూ కడుపునొప్పని చెప్పి చెట్టు కింద కూర్చునే పిల్ల. ఎత్తు సరిపోయింది, కూర్చోబెట్టేశారు. ఫోటో తీసేశారు. సన్మానం జరిగిపోయింది.

కోపం తలకెక్కడమంటే ఏమిటో కాంతానికి అప్పుడు తెలిసింది. ఇందాక వేదిక దిగినప్పుడు ఎంతో కొంత భయం ఉండేది. ఇప్పుడది కూడా లేదు.

"నాను ఒద్దన్నానండి టీచరుగారూ" అంది తాయారు, ఆవిడని చూడగానే ఏడుపు గొంతుతో.

"నీ తప్పేం లేదమ్మా. కూర్చో." అచ్యుతరామయ్యగారు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆవిడ మైకు తన వైపు తిప్పుకుంది. "ఈ అమ్మాయి పేరు తాయారు. మంచి పిల్ల. బంతి ఎప్పుడూ ముట్టుకోలేదు. మీరు సన్మానించాల్సిన నాగమణి ఐదుంబావు బండికి వెళ్లింది. రేపు పదింటికి క్యాంపులో ఉంటాది."

చాపల మీద ఎక్కడో వెనకవరసలో ఒక పిల్ల చప్పట్లు కొట్టింది. తర్వాత నాలుగు వందల మందీ కొట్టారు. కొట్టమని హెడ్మిస్ట్రెస్ చెయ్యి ఊపలేదు. ఆపమని ఊపినా ఆపలేదు. తాయారు కూడా శాలువాలోంచి చేతులు బయటికి తీసి కొట్టింది.

సోమవారం కాంతం టీచరుకి మెమో వచ్చింది. అనుమతి లేకుండా వేదిక మీది పత్రాన్ని తీసుకున్న మాట నిజమేనా? సన్మాన పత్ర పఠనానికి అంతరాయం కలిగించిన మాట నిజమేనా? పిలవకుండా మైకులో మాట్లాడి ముఖ్య అతిథిని కించపరిచిన మాట నిజమేనా? మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఇవ్వకపోతే నియామకం విషయం కమిటీ ఆలోచిస్తుంది.

మూడు రోజులు ఎందుకని, ఆవిడ అక్కడే గుమస్తా బల్ల మీద వంగి, మూడు ప్రశ్నల కిందా 'నిజమే' అని రాసి సంతకం పెట్టింది. ఇచ్చేముందు కాగితాన్ని ఇటూ అటూ తిప్పి ఇంకోసారి పూర్తిగా చదివింది. పిల్లకి బండి దొరికిందా అని మాత్రం అందులో ఎక్కడా అడగలేదు.