అమ్ము జబ్బ మీది వేళ్లు

భోపాల్‌పట్నంలో సారలమ్మ నిమ్మకాయ పచ్చడి పెట్టిందంటే నడివాకిట్లో, నిండు ఎండలో కూర్చునే పెడుతుంది. నీడపట్టున రసం పిండితే పచ్చడికి బూజు పడుతుందని ఆమె నమ్మకం. ఎవరు చెప్పినా వినే రకం కాదు.

ఆ వేసవి సెలవులకు కూతురు ఇంద్రాణి తన పిల్ల అమ్మును ఆమె దగ్గర దింపి కిరందుల్ వెళ్లింది. కొన్నాళ్లకు చూసిపోదామని వచ్చేసరికి, పిల్ల జబ్బ మీద నాలుగు వేళ్లు, ఒక బొటనవేలు గోధుమరంగులో అచ్చుగుద్దినట్టు ఉన్నాయి.

“ఏందమ్మా ఇది? పిల్లను కొట్టినవా?”

“అయ్యో, పువ్వు లెక్క చూసుకుంటున్న గద బిడ్డా!”

“అమ్మూ, నువ్వు చెప్పు. ఈ వేళ్లు ఎవరివి?”

“అమ్మమ్మవే,” అంది అమ్ము బెల్లంముక్క చప్పరిస్తూ. “మేక ఎనక ఉరుకుతుంటే పట్టుకుంది.”

“పట్టుకుంటే గిట్ల కములుతదా?”

ఇంద్రాణి పిల్ల గౌన్లు సంచిలో కుక్కసాగింది. సాయంత్రం బస్సుకే తీసుకుపోతుందట. సారలమ్మ సంచి మూతి పట్టుకుంది. ఏడాదంతా ఎదురుచూస్తే దొరికే పిల్ల! ఇక ఈ గడప తొక్కనిస్తుందా?

అంతలో సారలమ్మ పెనిమిటి కాశయ్య స్నానం చేసి తుండుగుడ్డతో లోపలికొచ్చి, అటు తిరిగాడు. ఇంద్రాణి చేతిలో గౌను చేతిలోనే ఉండిపోయింది. ఆయన వీపు నడుమ అరచెయ్యీ, ఐదు వేళ్లూ. అదే రంగు.

“నాయినను గూడ కొట్టినవా!”

“ఆయన్నైతే కొట్టిన,” అంది సారలమ్మ. “నేను కాయలు పిండుతుంటే పక్కన కూసోని కునుకు తీస్తుండు. ఉప్పు తెమ్మని ఒక్కటేసిన.”

“ఈగ వాలిందనుకున్న,” అన్నాడు కాశయ్య.

ఇంద్రాణి తాతనూ మనవరాలినీ ముందేసుకుని దవాఖానకు నడిచింది. సారలమ్మ వెనకే పరుగు. డాక్టరమ్మ మచ్చలు చూసి హిందీలో ఒక్కటే అడిగింది, నిమ్మకాయలు పిండారా అని. ఆ రసం అంటిన చోట ఎండ తగిలితే చర్మం కాలినట్టయి, ఎర్రబడి, తర్వాత నల్లబడుతుందట. ఎండ తగలకుండా చూసుకుంటే మెల్లగా అదే మాసిపోతుందట. ఇది దెబ్బ కానే కాదంది.

ఇంటికి రాగానే ఇంద్రాణి సంచి బోర్లించింది. గౌన్లన్నీ మంచం మీద పడ్డాయి. తర్వాత నిమ్మకాయల గంపను లోపలి గదిలోకి ఈడ్చి, సబ్బు తెచ్చి తల్లి చేతిలో పెట్టింది.

“బడి తెరిచేదాక పిల్ల ఈడనే ఉంటది. ముట్టుకునే ముందు చేతులు కడుగు. మళ్ల వాకిట్ల పిండినవనుకో, నీ వీపు మీద నేనేస్త!”

“ఎయ్యి తల్లీ, ఎయ్యి!”

సారలమ్మ మోచేతుల దాకా నురగ పట్టించి కడుక్కుని, రెండు చేతులూ అమ్ము వైపు చాచింది.