పుస్తకంలో వేసిన తేదీ

పురుగుల మందు కొట్టాక వారం దాటితేగానీ కాయ కొయ్యకూడదు. అది మా ఊరి పిల్లల తోట క్లబ్బు నియమం. నేను నిన్న సాయంత్రమే కొట్టాను. వంటింటి మేకుకు వేలాడదీసే తోట పుస్తకంలో మాత్రం పదిరోజుల కిందటి తేదీ వేశాను. క్లబ్బు పోటీలో పుచ్చు టమాటాలు చూపించి పక్కింటి వాగుడుకాయ ముందు తలదించుకోవడం నావల్ల కాదు మరి.

బహుమతి ఎవరికో తేల్చడానికి వచ్చిన క్లబ్బు మేడమ్ ఆ పుస్తకం తిరగేసింది.

"తేదీలన్నీ ఎంత పద్ధతిగా రాశావే, బంగారం!" అంటూ నా బుట్టలోంచి ఎర్రటి పండొకటి తీసి రుమాలుతో తుడిచింది.

పండు ఆవిడ పెదాల దాకా వెళ్లింది.

"తినకండి మేడమ్! ఆ తేదీ అబద్ధం. మందు నిన్ననే కొట్టాను!" అని అరిచేశాను.

ఆవిడ పండు బుట్టలో పడేసి నన్ను ఉరిమి చూసింది. చూస్తే చూసింది, బహుమతి పోతే పోయింది, గండం గడిచిందనుకున్నాను.

అంతలో గుమ్మంలో నిలబడ్డ అమ్మ ముఖం తెల్లగా పాలిపోయింది.

"నిన్ననా? పొద్దున చెల్లి ఏడుస్తుంటే రెండు పళ్లు కోసి పెట్టానే! పుస్తకంలో తేదీ చూసుకునే పెట్టాను కదే!"